మహమ్మారిని ఆపినది ధనము కాదు, ముందుచూపు
(కోయిలకుంట్లలో పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



2020లో కోవిడ్ వ్యాపించినప్పుడు, కోయిలకుంట్ల నాడు చేరియుండిన కర్నూలు జిల్లా రాష్ట్రమున మిక్కిలి దెబ్బతిన్న జిల్లాలలో ఒకటి. అయితే దేశములన్నియు ఒకే రీతిగా నష్టపోలేదు. ధనిక దేశమగు అమెరికాలో మూడేండ్లలో పది లక్షలకు పైగా మరణించిరి. సంపదలో వెనుకబడిన వియత్నాంలో 2020 జూలై చివరివరకు ఒక్కరును మరణింపలేదు.

కారణమేమి? వియత్నాం తొలి వార్త వినగనే మేల్కొన్నది. రోగిని కలిసినవారిని వెదకి, వేరుగా ఉంచి, భోజనము పెట్టినది. కాని 2021లో, టీకాలు చాలినన్ని అందకమునుపే కొత్త రకము ప్రవేశించి, అచ్చటను వేలమందిని బలిగొన్నది. జాగ్రత్త మనకు వ్యవధిని మాత్రమే సంపాదించి పెట్టును. ఆ వ్యవధిలో టీకా ప్రతి గడపకు చేరవలయును.

కేరళలో 2020 మార్చిలో పంచాయతీలు వంటశాలలు తెరచి, ఇండ్లలో విడిగా ఉన్నవారికి అన్నము పంపినవి. ఇందలి మర్మము గ్రహింపుడు. కూలి పోవునని, ఊరు వెలివేయునని భయపడువాడు జ్వరమును దాచును. దాచిన జ్వరము ఊరెల్ల ప్రాకును.

కావున జ్వరము వార్త ఆనాడే ఆరోగ్య కేంద్రమునకు చేర్చుడు. రోగి యింటికి బియ్యము, పప్పు, నీరు పంపుడు. వలస నుండి తిరిగివచ్చిన కూలీని దోషిగా చూడనీయకుడు. ఈ పనులకు గొప్ప నిధులు అక్కరలేదు; ఊరి నమ్మకము చాలును. ఆ నమ్మకమును రోగము రాకమునుపే సంపాదించుకొనవలయును.