సాధన లేని సాహసము



నేడు నేను చెప్పదలచిన విషయము మన పల్లెలకు క్రొత్తది. దానిని ట్రయథ్లాన్ అందురు. ఒకే దినమున, నడుమ విశ్రాంతి లేకుండ, మొదట ఈత, పిదప సైకిలు స్వారి, తుదకు పరుగు, ఈ మూడింటిని వరుసగా ముగింపవలసిన పందెమది. జీవితమంతయు బడిపిల్లలకు వ్యాకరణము చెప్పిన వృద్ధునికి దీనితో నేమి పని యని మీరడుగవచ్చును. పని కలదు. పట్టణములలో కొలువులు చేయుచున్న మన బిడ్డలు పలువురు ఇప్పుడీ పందెములలో దిగుచున్నారు. తగిన సాధన లేకయే దిగువారును వారిలో కలరు. మా దౌహిత్రుడు అట్టివారిలో నొకడు.

ఈ పేరుతో మొదటి పందెము 1974లో అమెరికాలోని శాన్ డియాగో నగరమున జరిగెను. దాని దీర్ఘరూపము 1978 ఫిబ్రవరిలో హవాయి దీవులలో పుట్టెను. జాన్ కాలిన్స్ అను నావికాధికారి అక్కడ వేరువేరుగా జరుగుచుండిన మూడు పోటీలను ఒక్కటిగా కూర్చెను. సముద్రమున 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు స్వారి, ఆపైని 42.2 కిలోమీటర్ల పరుగు. ఆమడ యనగా ఎనిమిది మైళ్ళని లెక్కించినచో ఆ స్వారి యొక్కటియే 14 ఆమడలు. తొలియేట 15 మంది బయలుదేరగా 12 మంది ముగించిరి. గోర్డన్ హాలర్ అను నతడు 11 గంటల 46 నిమిషములలో మొదటివాడాయెను. ఒలింపిక్ క్రీడలలో 2000వ సంవత్సరమున సిడ్నీలో చేరినది దీని చిన్నరూపము. దానియందు ఈత 1500 మీటర్లు, స్వారి 40 కిలోమీటర్లు, పరుగు 10 కిలోమీటర్లు.

ఈ పందెమును లోకమునకు తెలిపినది ఒక గెలుపు కాదు, ఒక పతనము. 1982 ఫిబ్రవరిలో జూలీ మాస్ అను 23 ఏండ్ల విద్యార్థిని తన చదువునకు కావలసిన పరిశోధనకై హవాయి పోటీలో పాల్గొనెను. అంత దూరపు పందెము ఆమెకు అదియే మొదటిది. అయినను స్త్రీలందరికంటె ముందుగా పరుగెత్తుచు గమ్యమునకు సమీపించెను. అక్కడ కాళ్ళు మడతపడి కూలిపోయెను. లేచెను, మరల పడెను. ఆమె పడియుండగా వెనుకనుండి వచ్చిన క్యాథలీన్ మెకార్ట్‌నీ దాటిపోయి గెలిచెను. జూలీ మాస్ చేతులతోను మోకాళ్ళతోను ప్రాకి, 29 సెకనుల పిదప గీతను ముట్టెను. టెలివిజనులో దానిని చూచినవారు ఆమె పట్టుదలకు కన్నీరు పెట్టిరి. పట్టుదల కొనియాడదగినదే. కాని అంతటి పట్టుదల కలదానికిని దేహమెందుకు లొంగలేదో విచారించుట మనకు ఎక్కువ మేలు.

దేహము ఒక గాదె వంటిది. కండలలోను కాలేయములోను కొంత చక్కెర నిలువయుండును. గట్టిగా శ్రమించినచో అది రెండు గంటలలోపుననే చాలవరకు హరించును. సాధన చేసినవాడు క్రొవ్వును ఎక్కువగా ఇంధనముగా వాడుకొనుట దేహమునకు నేర్పియుండును. దారిలో ఎప్పుడేమి తినవలెనో తెలిసియుండును. సాధన లేనివానికి గాదె ఒక్కసారిగా వట్టిపోవును. చెమటతో నీరును ఉప్పును పోవుచుండును. నీరు త్రాగకున్నను కీడే. ఉప్పు లేక నీటినే మితిమీరి త్రాగినచో రక్తములోని లవణము పలచబడి, మతి తప్పి ప్రాణమునకే ముప్పు రావచ్చును. మరియొక చిక్కు కలదు. గుండెయు ఊపిరితిత్తులును కొలది వారములలోనే శ్రమకు అలవాటుపడును. ఎముకలకును, కండను ఎముకకు బిగించిపట్టు స్నాయువులకును నెలలు పట్టును. ఆయాసము తగ్గినది గదా యని తొందరపడినవానికి మోకాలును మడమయు మొరపెట్టునది అందుచేతనే.

అన్నిటికంటె అపాయకరమైనది ఈత. అమెరికాలో 1985 నుండి 2016 వరకు జరిగిన ఈ పందెములలో మరణములు, గుండె యాగుటలు కలిపి 135 సంభవించినట్లు వైద్యులు లెక్కించిరి. వానిలో 90 ఈతయందే జరిగెను. కొలనిలో గట్టు చేతికందును, అడుగు కనబడును. సముద్రమున అల ముఖముపై కొట్టును. పొరుగువాని కాలు తగులును. చల్లని నీటిలో ఊపిరి బిగిసికొనిపోవును.

మా దౌహిత్రుడు హైదరాబాదులో కంప్యూటరు కొలువు చేయుచున్నాడు. తొమ్మిది వారములు మాత్రమే ఈత నేర్చి, పడమటి సముద్రతీరమున జరుగు ఒక పోటీకి పేరిచ్చి, నా యాశీర్వచనమునకై వచ్చెను. నేను మూడు ప్రశ్నలడిగితిని. సముద్రమున ఎన్నిమారులు ఈదితివి? ఒక్కమారును లేదు. సైకిలు దిగినవెంటనే ఎన్నడైన పరుగెత్తితివా? లేదు. ఎండలో సాధన చేసితివా? తెల్లవారుజామున మాత్రమే. “నాయనా, ఒక యేడాది యాగుము” అంటిని. “రుసుము కట్టితిని తాతయ్యా, నలుగురికిని చెప్పుకొంటిని” అనెను. రుసుము పోయిన మరల సంపాదింపవచ్చును. నలుగురి మాట నాలుగు దినములుండునని చెప్పితిని. వినలేదు. పోటీనాడు రెండవ అలకే నీరు మ్రింగి, ఊపిరాడక చేయెత్తెను. పడవవారు పైకి లాగిరి. ఇంటికి వచ్చి మూడు దినములు ఎవ్వరితోను మాటాడలేదు. నా కుమార్తె మాత్రము బిడ్డ ఇల్లు చేరెనని దీపము పెట్టెను. చేయెత్తుటయే ఆనాడతడు చేసిన తెలివైన పని యని నేననగా, అప్పుడతడు నోరు విప్పెను. ఇప్పుడు గురువునొద్ద క్రమముగా నేర్చుకొనుచున్నాడు; పోటీ తేది మాత్రము అడిగిన చెప్పుటలేదు.

మన పూర్వవైద్యులు వ్యాయామమునకు ఒక హద్దు చెప్పిరి: తన బలములో సగమువరకే చేయవలెనని. ఆ సగమునకు గురుతు కూడ సుశ్రుతుని గ్రంథమున కలదు. శ్రమించువానికి శ్వాస నోటివెంట వెలువడ నారంభించినప్పుడు సగము బలము వ్యయమైనదని గ్రహింపవలెను. చలికాలమునందును వసంతమునందును ఆ సగమువరకు పోవచ్చుననియు, తక్కిన ఋతువులలో అంతకును తగ్గింపవలెననియు వాగ్భటుని మతము. పందెమునాడు ఈ హద్దు దాటక తప్పదు. సాధన చేసిన యేడాదిలో బలమే పెరుగును గనుక, దానిలో సగమును పెరుగును. సాధన ప్రయోజనమంతయు ఇదియే.

ఇది పట్టణపు వేడుక, మనకేల యని ఊరకుండరాదు. పోలీసు ఉద్యోగముల పరీక్షలో మన పిల్లలకు 1600 మీటర్ల పరుగు కలదు. ప్రకటన వెలువడినవరకు చెప్పులు తొడిగి తిరిగి, ఆపైని మూడు వారములు మాత్రము గట్టుమీద పరుగెత్తి, ఉపవాసముతో పరీక్షకు పోవు కుఱ్ఱవాండ్రు ప్రతియూరను కలరు. ఆ బిడ్డకది వేడుక గాదు, ఇంటిల్లిపాది ఆశ. ఆశ ఎంత పెద్దదైన గుండె దాని మాట వినదు.

వయసు అడ్డమని కూడ నేననుటలేదు. అమెరికాలో మడోనా బ్యూడర్ అను క్రైస్తవ సన్న్యాసిని 48వ యేట పరుగు మొదలుపెట్టి, 52వ యేట తొలి ట్రయథ్లాన్ చేసెను. 2012లో తన 82వ యేట కెనడాలో పెద్ద పందెమునే 17 గంటల గడువులోపల ముగించెను. ఆ 48కిని 52కును నడుమనున్న నాలుగేండ్లను మనవారు గమనింపవలెను.

కావున పెద్దలారా, మీ యింటి బిడ్డ ఇట్టి పందెమునకో పరీక్షకో పోదునని వచ్చినప్పుడు అడ్డుపడకుడు. మొదట వైద్యునిచేత గుండెను చూపింపుడు. వారమువారమునకు కొంచెము కొంచెముగా దూరము పెంచుమనుడు. ఈత నేర్చువానిని ఒంటరిగా చెరువునకు గాని కాలువకు గాని పోనీయకుడు. రొమ్ములో నొప్పియో కన్నులు తిరుగుటయో కలిగినచో ఆ క్షణమే ఆగుమనుడు. ఆగి వచ్చిన బిడ్డను ఎగతాళి చేయకుడు. మన యెగతాళికి జడిసియే పలువురు ఆగవలసినచోట ఆగలేకపోవుచున్నారు.

ఇంతటితో సెలవు.