టోయింగ్ కంపెనీకీ హద్దు ఉండాలి



బెంగళూరులో మన పిల్లలు చాలామందికి టూవీలరే జీవనాధారం. దాన్ని టోయింగ్ వాహనం ఎత్తుకెళ్తే ఆ రోజు కూలి పోయినట్టే. 2022 మొదట్లో ఈ నగరంలో నో పార్కింగ్ జరిమానా 1,000 రూపాయలు, టూవీలరు టోయింగ్ చార్జీ 650, మొత్తం 1,650 కట్టాల్సి వచ్చేది.

దారికి అడ్డంగా బండి పెట్టడం తప్పే. అంబులెన్సు ఆగిపోతుంది. ఫుట్‌పాత్ మూసుకుపోతే వృద్ధులు, దివ్యాంగులు రోడ్డు మీదికి దిగాలి. ఆ అడ్డు తీయడం ప్రభుత్వ బాధ్యత. కానీ ఆ పనిని ప్రైవేటు కంపెనీకి అప్పగించి, బండికి ఇంత అని ఆదాయం చూపిస్తే, కంపెనీ రద్దీని చూస్తుందా, సులువుగా ఎత్తగలిగే బండ్లను చూస్తుందా?

మోటారు వాహనాల చట్టం, 1988, 127వ సెక్షన్ ఏం చెబుతోంది? పార్కింగ్ నిషేధించిన చోట పెట్టిన బండినైనా, బహిరంగ స్థలంలో 10 గంటలు, ఆపైన వదిలేసిన బండినైనా తొలగించడానికి ఆ ప్రాంతంపై అధికారమున్న, యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అనుమతివ్వాలి. ఖర్చు యజమానిదే. అంటే కంపెనీ మనిషి తనంతట తానుగా బండి ఎత్తడానికి వీల్లేదు.

టోయింగ్ సిబ్బంది తీరుపై జనాగ్రహం పెరిగి, 2022 ఫిబ్రవరిలో కర్ణాటక ప్రభుత్వం బెంగళూరులో టోయింగ్‌ను నిలిపివేసింది. అంతటితో సమస్య తీరదు. ఏ నగరంలోనైనా టోయింగ్ నడవాలంటే ముందు నియమాలు రావాలి.

లూకా సువార్త 3వ అధ్యాయంలోని సుంకరులను గుర్తుచేసుకుందాం. రోమా పాలనలో సుంకాల వసూలును గుత్తకిచ్చేవారు. బాప్తిస్మమిచ్చు యోహాను వాళ్లను పని మానమనలేదు, నిర్ణయించినదానికి మించి వసూలు చేయవద్దన్నాడు. మనం ప్రభుత్వాన్ని అడగాల్సిందీ అదే.

నో పార్కింగ్ బోర్డు స్పష్టంగా కనిపించాలి. ఎత్తే ముందు మైకులో బండి నంబరు చెప్పాలి, ఫొటో తీయాలి. యజమాని అక్కడికే వస్తే జరిమానా మాత్రమే తీసుకుని బండి ఇచ్చేయాలి. ప్రతి రూపాయికీ రసీదు ఇవ్వాలి. బండి దెబ్బతింటే కంపెనీ నష్టపరిహారం కట్టాలి. అన్నిటికంటే ముఖ్యంగా, కంపెనీ ఆదాయం ఎత్తిన బండ్ల లెక్కను బట్టి ఉండకూడదు.

యువకులారా, టోయింగ్ వాహనం మీద బండ్లు ఎత్తే కుర్రాళ్లు కూడా కూలివాళ్లే. వాళ్ల మీద చెయ్యెత్తకండి. అధికారి ఎక్కడని అడగండి, రసీదు అడగండి, అన్యాయం జరిగితే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఒంటరిగా వెళ్లలేకపోతే సంఘానికి చెప్పండి, మేము వెంట వస్తాం.