కాన్పు గదిలో మరుగు, మర్యాద
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నర్సింగ్ ట్యూటరుగా పనిచేసి రిటైరైనదాన్ని గనుక ఆ వృత్తికి సంబంధించిన విషయమే ఒకటి మనవి చేస్తాను. ఈ వయసులో మనకు కాన్పుల ఊసెందుకని కొందరికి అనిపించవచ్చు. మనుమరాలిని పురిటికి తీసుకువచ్చి ఆసుపత్రి వరండాలో కూర్చునేది మనమే కదా!

బొమ్మ మీద ప్రసవం నేర్పడం కొత్త పద్ధతి కాదు. 18వ శతాబ్దంలో ఫ్రాన్సులో మదామ్ దు కూద్రే అనే మంత్రసాని గుడ్డతో, తోలుతో గర్భిణి బొమ్మ తయారుచేసింది. 1759లో పదిహేనవ లూయీ రాజు అనుమతి పొంది, ఊరూరా తిరిగి పల్లె స్త్రీలకు శిక్షణ ఇచ్చింది.

అయితే బొమ్మకు సిగ్గు లేదు, భయం లేదు. కసిరినా ఏడవదు, బట్ట తొలగించినా ముడుచుకోదు. అందుకే నేడు మనిషి నడుముకు కట్టుకునే బొమ్మలు వచ్చాయి. నార్వేకు చెందిన లేర్డాల్ సంస్థ చేసే మామానటాలీ అటువంటిదే. ఒక విద్యార్థిని దాన్ని కట్టుకుని నొప్పులు పడే తల్లిగా నటిస్తుంది. మరొకామె కాన్పు చేస్తుంది.

ఇక్కడ మేము చూసేది చేతి నైపుణ్యం ఒక్కటే కాదు. పరీక్షకు ముందు తెర వేసిందా? "చెయ్యి పెట్టి చూస్తానమ్మా, సరేనా?" అని అడిగిందా? అత్తగారి వేషం వేసినామె తలుపు దగ్గర నిలబడి "మా కోడలికి ఇదివరకు గర్భం పోయిందా?" అని నిలదీస్తే ఏం జవాబు చెప్పింది? కేసుషీటు బల్లమీద తెరిచి వదిలేసిందా?

అయిన తరువాత అందరూ కూర్చుంటారు. మొదట మాట్లాడేది తల్లిగా పడుకున్న అమ్మాయే. "నా కాళ్ళమీద దుప్పటి లేదు, నువ్వు చూడనేలేదు" అని తోటి పిల్ల అంటే, నా పది పాఠాలకంటే ఆ మాటే లోతుగా నాటుకుంటుంది. అక్కడ పొరపాటు జరిగినా ఏ తల్లికీ అవమానం లేదు, మళ్ళీ చేసి దిద్దుకోవచ్చు.

ఇది చిన్న విషయమనుకోకండి. అవమానపడిన స్త్రీ మరో కాన్పుకు ఆసుపత్రి గడప తొక్కడానికి జంకుతుంది. రక్తస్రావం, ఫిట్స్ వంటివి వస్తే ఆ ఆలస్యమే ప్రాణం మీదికి తెస్తుంది. గుట్టు నిలవదనుకున్న స్త్రీ పాత జబ్బు సంగతి డాక్టరుకు కూడా చెప్పదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ప్రసవ సమయంలో జరిగే అమర్యాదను నివారించాలని ప్రకటన చేసింది. మన దేశంలో 2017లో వచ్చిన లక్ష్య కార్యక్రమం కాన్పు గదిలో మరుగు, మర్యాద, తోడు ఉండాలన్నది. అదే సంవత్సరం తెలంగాణలో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది.

శిక్షణ ఒక్కటే చాలదు. తెరలు లేని వార్డులో, ఊపిరి సలపని పనిలో పడితే నేర్చినది నిలవదు. కాబట్టి మనమూ చేయవలసింది ఉంది. తెర వేయమని మర్యాదగా అడుగుదాం. తోడుగా ఒక ఆడమనిషిని ఉండనిమ్మని కోరుదాం. వరండాలో పదిమంది ముందు లోపలి వివరాలు అడగడం మానుదాం. ఆసుపత్రి అభివృద్ధి సంఘాలలో ఉన్న మిత్రులు తెరల సంగతి ప్రస్తావించాలి. రేపు మనం మంచంపట్టి మూత్రపు గొట్టం వేయించుకోవలసి వస్తే, మనకు కావలసిందీ ఆ తెరే.