నాగా కొండలలో ఊరి మాట

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



యాత్రలను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని నన్ను ఆహ్వానించినారు. కుళాయిలు, వీధిదీపములు, ఇంటిపన్నుల వసూలుతోనే తీరిక లేని పంచాయతీ సభ్యులకు యాత్రలతో ఏమి పని అని మీలో కొందరికి తోచవచ్చును. అందుకే మనకు బాగుగా తెలిసిన తిరుపతిని, ఊటీని విడిచి నాగాలాండును గూర్చి చెప్పదలచితిని. అచ్చట యాత్రికుడు చూచి మురియు కొండ యైనను, అడవి యైనను, పండుగ యైనను చాలవరకు గ్రామము మాట మీద నిలిచి యున్నవి. భూమిలోను, అడవిలోను అధిక భాగము ప్రభుత్వమునకు గాక గ్రామములకు, వంశములకు, కుటుంబములకు చెందినది.

ఈ రాష్ట్రము మన దేశమునకు ఈశాన్యమున, బర్మా సరిహద్దున కలదు. 1963 డిసెంబరు 1న ఏర్పడినది. విస్తీర్ణము 16,579 చదరపు కిలోమీటర్లు. అనగా ఉమ్మడి అనంతపురం జిల్లా కంటె చిన్నది. 2011 లెక్కల ప్రకారము జనసంఖ్య సుమారు 20 లక్షలు. విజయవాడ, రాజమండ్రి, విశాఖపట్నముల మీదుగా పోవు కన్యాకుమారి–దిబ్రూగఢ్ వివేక్ ఎక్స్‌ప్రెస్సు దీమాపూరులో ఆగును. అచ్చటి నుండి రాజధాని కోహిమాకు సుమారు 70 కిలోమీటర్లు కొండదారి. ఇతర రాష్ట్రములవారు ముందుగా ఇన్నర్ లైన్ పర్మిట్ అను అనుమతి పత్రము పొందవలెను. 1873 నాటి చట్టము క్రింద వచ్చిన ఏర్పాటిది. మన దేశములోనే తిరుగుటకు మనకు అనుమతియా అని కోపగించుకొనువారు కలరు. అల్పసంఖ్యాకులైన కొండజాతుల భూమిని కాపాడుటకు అది నేటికిని ఉపయోగపడుచున్నదని తెలిసినచో ఆ కోపము కొంత తగ్గును.

కోహిమా నడిబొడ్డున యుద్ధ శ్మశానవాటిక కలదు. 1944లో జపాను సేన ఇంతవరకు వచ్చినది. జిల్లా అధికారి బంగళాలోని టెన్నిసు ఆటస్థలమునకు ఆ వైపున ఒక సైన్యము, ఈ వైపున ఒక సైన్యము నిలిచి పోరాడినవి. ఆ ఆటస్థలపు గీతలు నేటికిని గుర్తుగా నిలిపియున్నారు. 1,420 సమాధులతో పాటు, దహనసంస్కారము పొందిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల స్మారకము కూడ అచ్చటనే కలదు. మెట్లు మెట్లుగా పూలమొక్కలు, క్రింద పట్టణము; ఎవరును బిగ్గరగా మాట్లాడరు.

కోహిమాకు పడమర 20 కిలోమీటర్ల దూరమున ఖొనోమా అను అంగామీ గ్రామము కలదు. 1879–80లో ఆంగ్లేయుల సైన్యమును నెలల తరబడి ఎదిరించిన ఊరిది. కొండవాలున మెట్ల వరిచేలు, వాని మీద రాతిగోడల ఇండ్లు. అయితే రైతులు చూడవలసినది వారి ఆల్డర్ చెట్ల సేద్యము. కొండ నరికి, కాల్చి, రెండేండ్లు పండించి విడిచిపెట్టు పోడు సేద్యము మన ఏజెన్సీ వారికి తెలిసినదే. ఖొనోమావారు పొలములోని ఆల్డర్ చెట్టును మొదలంట నరుకరు. మనిషి తలకు పైగా మొండెమును నిలిపి కొమ్మలను మాత్రము కొట్టుదురు. కొమ్మలు వంటచెరకగును, ఆకులు ఎరువగును, వేళ్ళు గాలిలోని నత్రజనిని నేలకు చేర్చును. మొండెము మరల చిగిర్చును. భూమిని ఎక్కువ ఏండ్లు బీడుపెట్టవలసిన అవసరము తగ్గును. ఈ పద్ధతిని వారికి నేర్పినది ఏ కార్యాలయమును కాదు, తాతముత్తాతలు.

ఆ ఊరివారు పూర్వము గొప్ప వేటగాండ్రు. ట్రాగోపాన్ అను అందమైన ఎఱ్ఱమెడ అడవికోడి వేటవలన నశించిపోవు స్థితికి వచ్చినది. ఊరి పెద్దలు కూర్చుండి, వాదులాడి, 1998లో సుమారు 20 చదరపు కిలోమీటర్ల అడవిని సంరక్షిత స్థలముగా ప్రకటించి, వేటను నిషేధించిరి. వేట పౌరుషమునకు గుర్తని నమ్మిన జాతిలో ఈ తీర్మానము సులభముగా జరిగినదనుకొనరాదు. యాత్రికులు తరువాత వచ్చిరి. తీర్మానము ముందు జరిగినది.

ఇచ్చట ఒక మాట. నాగాలాండులో మనవంటి పంచాయతీరాజ్ సంస్థలు లేవు. 1978 చట్టము క్రింద గ్రామ మండలులు కలవు. 2002 నాటి మరియొక చట్టముచే బడి, ఆసుపత్రి, విద్యుత్తుల నిర్వహణ కూడ గ్రామ సంఘముల చేతికి వచ్చినది. బడికి రాని ఉపాధ్యాయుని జీతము నిలుపు అధికారము గ్రామమునకు కలదు. (సభలో చిరునవ్వులు కనబడుచున్నవి!) కాని ఆ గ్రామ మండలులలో చిరకాలముగా పురుషులదే పెత్తనము. స్త్రీలు కూర్చున్న కుర్చీ అచ్చట అరుదు. ఈ సభలో సగముమంది సోదరీమణులున్నారు. ఈ విషయమున నేర్చుకొనవలసినవారు వారే.

ఇక పండుగలు. కోహిమాకు 12 కిలోమీటర్ల దూరమున కిసామాలో ఏటేట డిసెంబరు 1 నుండి 10 వరకు హార్న్‌బిల్ ఉత్సవము జరుగును. ఇది 2000లో ప్రభుత్వము ఆరంభించినది. కిగ్వేమా, ఫేసామా అను రెండు గ్రామముల భూమిలో జరుగుటచే ఆ రెండు పేర్ల నుండి స్థలమునకు కిసామా అను పేరు వచ్చినది. ఒక్కొక్క తెగకు ఒక్కొక్క మొరుంగు, అనగా పూర్వము యువకులు నివసించి విద్యలు నేర్చిన పెద్ద యిల్లు, అచ్చట కట్టియున్నది. ఈటెలు, శిరోభూషణములు, కలసికట్టు పాటలు చూడవలసినవే. అయినను, నిజము చెప్పవలెనన్న, ఇది అతిథుల కొరకు కూర్చిన పండుగ. రైతు పండుగ చూడగోరినవారు ఫిబ్రవరి 25న అంగామీల సెక్రెన్యీకి గాని, ఏప్రిల్ మొదటివారమున కొన్యాకుల ఆవొలింగ్‌కు గాని, మే మొదటివారమున విత్తనములు చల్లిన పిమ్మట ఆవోల మోవాత్సుకు గాని పోవలెను. నేడు నాగాలలో ఎక్కువమంది క్రైస్తవులు. క్రిస్మసు వారికి పెద్ద పండుగ. అయినను ఈ పంట పండుగలను విడువలేదు.

భోజనము విషయమున జాగ్రత్త. గుంటూరు మిరపకాయ తిన్నవాడనను గర్వముతో నాగా మిరపకాయను కొరకవద్దు. నా మాట వినుడు.

నేను ముఖ్యముగా చెప్పదలచినది వోఖా జిల్లాలోని పాంగ్తి గ్రామము కథ. అమూర్ డేగ పావురము కంటె చిన్నది. సైబీరియా, ఉత్తర చైనాలలో వేసవి గడపి, దక్షిణ ఆఫ్రికాకు పోవుచు, అక్టోబరు, నవంబరు నెలలలో దోయాంగ్ జలాశయము వద్ద లక్షలుగా విడియును. ఆ ఆనకట్ట క్రింద సారవంతమైన పొలములు మునిగిపోయినవి. పొలము పోయినవారు చేపలు పట్టిరి. ఆ వలలనే ఎత్తుగా కట్టి డేగలను కూడ పట్టిరి. ఒక్క ఋతువులో లక్షకు పైగా పక్షులు చచ్చుచున్నవని 2012లో అంచనా వేసిరి. చిత్రములు లోకమంతట వ్యాపించి నిందలు వచ్చినవి. అటవీశాఖవారు, పక్షిప్రేమికులు, చర్చి పెద్దలు వచ్చి మాట్లాడిరి. గ్రామ మండలి నిషేధము విధించి జరిమానా నిర్ణయించినది. 2013లో ఆ వలలు లేవలేదు.

ఇందు గమనింపవలసినది వారి నష్టము. ఆ రెండు నెలల రాబడితో పిల్లల చదువు గడుపుకొన్నవారు కలరు. పట్టుట మానిన మరునాడే యాత్రికుల సొమ్ము వచ్చి ఒడిలో పడలేదు. కొందరు ఇండ్లలో అతిథులకు గదులిచ్చి కొంత సంపాదించిరి. అందరికి ఆ భాగ్యము కలుగలేదు. మన గ్రామములలో ఇట్టి తీర్మానము చేయునపుడు ఎవరి పొయ్యి మీద దాని బరువు పడునో ముందుగా లెక్కవేయుట మరువరాదు. పక్షులను కాచు బుద్ధి మనకు కొత్త కాదు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురమున, గుంటూరు వద్ద ఉప్పలపాడున గ్రామస్థులే కొంగలను, గూడబాతులను ఏండ్ల తరబడి ఆదరించుచున్నారు.

వెళ్ళదలచినవారు నవంబరు మొదటివారమునకు వోఖా చేరుట మంచిది. ఆకాశమున డేగలుండును, 7వ తేదీన లోథాల తోఖు ఎమోంగ్ పండుగ వచ్చును. పంట ఇంటికి వచ్చిన పిమ్మట జరుపుకొను పండుగ అది. ఉన్ని దుప్పటి, అనుమతి పత్రము వెంట నుంచుకొనుడు. ఎవరి చిత్రమునైనను అడిగి తీయుడు. మొరుంగులో పెద్దలు చూపిన చోటనే కూర్చుండుడు. గ్రామ మండలి పెద్దను కలిసినపుడు ఆ మొదటి సంవత్సరము ఊరివారిని ఎట్లు ఒప్పించితిరని అడుగుడు. ఆయన చెప్పునది వ్రాసికొని వచ్చి, ఇట్టి మరియొక సభలో మాకు వినిపింపుడు.