రిజిస్టరుకెక్కని ఊరు
(సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సర్వీసులో మరువలేని సంగతి ఒకటి చెప్పమన్నారు. నేను మరచిపోయిన సంగతి చెబుతాను.

మన ఉక్కు ఉద్యమం తేదీలు అందరికీ కంఠస్థమే. 1966లో అమృతరావు గారి నిరాహారదీక్ష, నవంబరు 1న కాల్పులు, 1971 జనవరి 20న ఇందిరా గాంధీ గారి శంకుస్థాపన, 1992లో జాతికి అంకితం. ఆ నేల ఇచ్చిన ఊళ్ళు 64 అంటారు. వాటిలో పది పేర్లు వరుసగా చెప్పగలవారు మనలో ఎందరు?

డెబ్భైలలో నేను భూసేకరణ పనిలో చిన్న గుమాస్తాను. అప్పుడు 1894 నాటి చట్టమే అమలులో ఉండేది. సర్వే నంబరు, విస్తీర్ణం, బావి, తాటిచెట్లు, జీడిమామిడి, అన్నిటికీ కాలములుండేవి. భూమి విలువ మీద 15 శాతం అదనం. 1984లో దాన్ని 30 చేశారు. భూమి లేని కూలీకి పోయిన పనికి మాత్రం కాలమ్ లేదు. కూలీల జీవనోపాధిని లెక్కలోకి తీసుకున్నది 2013 చట్టమే.

ఒక శివారు పల్లెకు వెళ్ళాము. ఇరవై ముప్పై ఇళ్ళు, చోడి చేలు, ఒక గెడ్డ. పంచాయతీ వేరే ఊరిది. చెట్లు లెక్కపెడుతుంటే ఒక ముసలమ్మ మజ్జిగ ఇచ్చి అడిగింది:

“అన్నీ రాసినావు గదా బాబూ, మా ఊరి పేరు రాసినావా?”

“శివారుకి వేరే పేరు రాయరమ్మా, పెద్ద ఊరి పేరులోనే వచ్చేస్తుంది” అన్నాను.

రూలు ప్రకారం నేను చెప్పింది తప్పు కాదు. ఆవిడ మరి మాట్లాడలేదు.

ఆ జనం అగనంపూడి, వడ్లపూడి వంటి నిర్వాసిత కాలనీలకు చెదిరిపోయారు. ఆర్-కార్డుతో ఉద్యోగం వచ్చినవారున్నారు, కార్డు దాచుకుని ముసలివారైనవారూ ఉన్నారు. 2021లో ప్రైవేటీకరణ మాట వచ్చినప్పుడు ఆ పల్లె నాకు జ్ఞాపకం వచ్చింది. పేరు రాలేదు. ఒక్కొక్క తాటిచెట్టు రాసిన చెయ్యి ఇది, ఆ పేరు రాసి ఉంటే ఈనాడు జ్ఞాపకముండేది.

పోయిన శివరాత్రికి అప్పికొండ సోమేశ్వరుని దర్శనానికి వెళ్ళి, అక్కడి పెద్దవాళ్ళను అడిగాను. ఇద్దరు చెరొక పేరు చెప్పారు.

కనుక నా మనవి ఒక్కటే. మీలో రెవెన్యూ, బడి, తపాలా పనుల మీద ఆ ఊళ్ళు తిరిగినవారున్నారు. తెలిసిన శివారు పేరు, గెడ్డ పేరు, గ్రామదేవత పేరు ఒక కాగితం మీద రాసి మనుమల చేతికివ్వండి, సంఘానికీ ఒక ప్రతి పంపండి. కాలములు గీయడం నాకు బాగా వచ్చు. ఈసారి మొదటి కాలమ్ ఊరి పేరుకే పెడతాను.

సెలవు.