నవమి నాటి వడపప్పు మన చేలోకి

(ఖమ్మం – భద్రాచలం అడవి అంచు గ్రామాల మహిళా రైతుల సమావేశంలో సంఘం కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పెసర ధర గురించి మాట్లాడమన్నారు. ముందు గిన్నె సంగతి చెప్పి, తర్వాత ధర దగ్గరికి వస్తా.

భద్రాచలంలో శ్రీరామనవమికి వెళ్లినవాళ్లందరం పానకం తాగి, వడపప్పు తిన్నవాళ్లమే. ఆ ఎండలో గుప్పెడు పప్పు ఎంత చలవ! మళ్లీ ఏడాది దాకా దాని ఊసెత్తం. పొయ్యి వెలిగించే పని లేదు. మిరప కోతకు, పత్తి తీతకు తెల్లారకముందే బయల్దేరే మనకు ఇంతకంటే అనువైన తిండి ఏముంది?

గ్లాసు పెసరపప్పు కడిగి గంటసేపు నానబెట్టండి. గోటితో నొక్కితే పలుకు విరగాలి. నీళ్లు పూర్తిగా వంపేయాలి. సన్నగా తరిగిన కీరదోస, పచ్చి మామిడి తురుము, కొబ్బరి, పచ్చిమిర్చి, కొత్తిమీర కలపండి. మామిడి లేని రోజుల్లో నిమ్మకాయ పిండండి. ఉప్పు మాత్రం తినబోయే ముందే. ముందే వేస్తే దోసకాయ నీరు వదిలి గిన్నె అంతా నీళ్లవుతుంది. ఆవాలు, కరివేపాకు తాలింపు మీ ఇష్టం. మా ఇంట్లో ఉల్లిపాయ కూడా వేస్తాం, నవమి నాడు తప్ప. చేనికి తీసుకెళ్తే ఉప్పు, నిమ్మకాయ విడిగా పెట్టుకోండి. ఎండకు నానిన పప్పు తొందరగా పులుస్తుంది, పొద్దున్నే తినేయాలి.

పొట్టు తీయని పెసలుంటే రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూట కట్టండి. ఒకటి రెండు రోజుల్లో మొలకలొస్తాయి. 100 గ్రాముల పెసల్లో సుమారు 24 గ్రాముల మాంసకృత్తులుంటాయి. బియ్యంలో ఏడెనిమిదికి మించవు. రేషన్లో సన్నబియ్యం ఇస్తున్నారు, సంతోషమే. పప్పు మాత్రం దుకాణంలోనే కొంటున్నాం.

ఒకప్పుడు పోడు చేలల్లో జొన్నలో కంది, బొబ్బర కలిపి వేసేవాళ్లు. ఇప్పుడు చేనంతా మిరప, పత్తి. పండించే మనమే పావుకిలో పొట్లం కొనుక్కొస్తున్నాం.

పెసర రెండు నెలలు దాటగానే చేతికొచ్చే పంట. వేరు బుడిపెల్లో నత్రజని నిలిపి భూమికి బలమిస్తుంది. మరెందుకు వేయడం లేదు? పల్లాకు తెగులు ఒకటి, కోత వేళకు పడే వానలు ఇంకొకటి. నిరుడు మా కాయలు చేలోనే మొలకెత్తాయి. రంగు పోయిందని వ్యాపారి అడిగిన ధర వింటే కూలి ఖర్చు కూడా రాదు.

2025–26కు పెసలకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,768 రూపాయలు. కంది, మినుము, మసూరు పంట ఎంతొస్తే అంతా కొంటామంది. పెసలకు ఆ మాట ఇవ్వలేదు, దిగుబడిలో 25 శాతం పరిమితి ఉంది. మిగతా మూడు వంతులు ఎవరికి అమ్మాలి? పెసలకూ పరిమితి ఎత్తేయాలని, కోతలకు ముందే కొనుగోలు కేంద్రం తెరవాలని, రేషన్లో పప్పు కలపాలని వినతిపత్రం రాశాం. పోయేలోగా అందరూ సంతకాలు పెట్టండి.

వచ్చే సమావేశానికి పెసరపప్పు ఉన్నవాళ్లు తలో గ్లాసు తెండి, ఇక్కడే నానబెడదాం. దోసకాయలు నేను తెస్తా.