చిటికెన వేలి పాట – షోపాన్ మూడవ ఎట్యూడ్

(సంఘ వార్షిక సమావేశంలో సాంస్కృతిక కార్యక్రమానికి ముందు చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి వినడానికి అలవాటు పడిన సభలో పియానో గురించి మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. ఇరవై నిమిషాలు ఇచ్చారు. తీసుకున్న అంశం చాలా చిన్నది. సరిగా వాయిస్తే నాలుగు నిమిషాలు పట్టే ఒకే ఒక్క రచన. షోపాన్ రాసిన పదవ ఓపస్‌లోని మూడవ ఎట్యూడ్. ఓపస్ అంటే అచ్చయిన రచనలకు వేసే వరుస సంఖ్య, మన ఆఫీసు ఫైలు నంబరు వంటిది.

ఎట్యూడ్ అనే ఫ్రెంచి మాటకు అభ్యాసం అని అర్థం. మన పిల్లలు సంగీతం నేర్చుకునేటప్పుడు సరళీ స్వరాలు, జంట స్వరాలు సాధన చేస్తారు. వాటిని కచేరీలో ఎవరూ పాడరు. వర్ణం సంగతి వేరు. గొంతు సాధనకూ అదే, కచేరీ ఆరంభానికీ అదే. పియానోకు సరళీ స్వరాల వంటి పాఠాలు చెర్నీ మొదలైనవారు కుప్పలుగా రాశారు. షోపాన్ 1833లో ప్రచురించిన 12 ఎట్యూడ్‌లు మాత్రం మన వర్ణాల కోవకు చెందినవి. ఒక్కొక్కటి చేతికి ఒక్కొక్క కష్టాన్ని నేర్పుతుంది, వినేవారికి మాత్రం అది పాఠమని తోచదు. ఈ సంపుటాన్ని ఆయన తన మిత్రుడు లిస్ట్‌కు అంకితం ఇచ్చాడు.

షోపాన్ 1810లో పోలండులో పుట్టాడు. ఇరవై ఏళ్ల వయసులో, 1830 నవంబరు 2న, వార్సా విడిచి వియన్నా బయలుదేరాడు. అదే నెల 29న వార్సాలో రష్యా పాలనకు వ్యతిరేకంగా తిరుగుబాటు మొదలైంది. 1831 సెప్టెంబరులో వార్సా రష్యా సైన్యాల వశమైంది. ఆ వార్త దారిలో స్టుట్‌గార్ట్‌లో ఉండగా ఆయనకు తెలిసింది. అక్కడినుంచి పారిస్ చేరాడు. 1849లో మరణించేవరకు మళ్లీ స్వదేశం చూడలేదు. తరువాత ఆయన గుండెను సోదరి వార్సాకు తీసుకువెళ్లింది. ఇప్పటికీ అది అక్కడి హోలీ క్రాస్ చర్చిలో ఉంది.

మన ఎట్యూడ్ రాతప్రతి మీద 1832 ఆగస్టు 25 అని తేదీ ఉంది. పారిస్ చేరి ఏడాది కావస్తున్న రోజులవి. దీనికి 'విషాదం' అని ఒక పేరు ప్రచారంలో ఉంది. అది షోపాన్ పెట్టిన పేరు కాదు. ఇంత అందమైన రాగం తాను మరొకటి రాయలేదని ఆయన అన్నట్టు గుట్మన్ అనే శిష్యుడు చెప్పాడు. ఒకసారి శిష్యుడు వాయిస్తూ ఉండగా గురువుగారు చేతులు జోడించి పైకెత్తి మాతృదేశాన్ని తలచుకున్నాడట కూడా. శిష్యుడు ముసలితనంలో చెప్పిన మాట, జీవితచరిత్ర రాసినాయన నమోదు చేసిన మాట. కొట్టిపారేయనక్కరలేదు గాని, దీన్ని పట్టుకుని ఇది దేశం కోసం ఏడ్చిన ఏడుపు అని తీర్మానించడం నాకు సమ్మతం కాదు. కాగితం మీద ఉన్నది వేళ్లకు పెట్టిన పరీక్ష. అదేమిటో చూద్దాం.

హార్మోనియం మనలో చాలామందికి తెలుసు. పద్యనాటకాలు చూసినవాళ్లమే కదా! మెట్టు నొక్కి తిత్తి ఆడించినంతసేపూ స్వరం నిలుస్తుంది. పియానోలో అలా కుదరదు. మెట్టు నొక్కితే లోపల ఒక సుత్తి తీగెను కొట్టి వెనక్కి పడిపోతుంది. ఆ క్షణం నుంచే శబ్దం తగ్గడం మొదలు. గమకం లేదు, ఊపిరి లేదు. అటువంటి వాద్యం మీద మనిషి గొంతులా సాగే రాగం వినిపించాలి. అందుకు ఒకటే దారి. పై స్వరం ఎంతకు తగ్గిందో చెవితో కనిపెట్టి, తరువాతి స్వరాన్ని ఆ మోతాదుకు తగినట్టు కొట్టాలి. కొంచెం గట్టిగా పడితే ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది.

ఇంతవరకే అయితే ఫరవాలేదు. ఈ ఎట్యూడ్‌లో ఆ రాగం కుడిచేతి పై అంచున ఉంటుంది. అంటే చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు దాన్ని పాడాలి. అదే చేతి బొటనవేలు, చూపుడువేలు కింద సన్నటి స్వరాలను ఎడతెగకుండా అల్లుతూ ఉండాలి. ఎడమచేయి ఇంకోరకం చిక్కు. దాని ఒత్తులు తాళం దెబ్బ మీద పడకుండా పక్కకు జరిగి పడతాయి.

మీ కుడిచేయి ఒకసారి బల్ల మీద పెట్టండి. చిటికెన వేలితో గట్టిగా నొక్కి ఉంచి, అది లేవకుండా బొటనవేలితోనూ చూపుడువేలితోనూ మెల్లగా, చప్పుడు కాకుండా తట్టి చూడండి. బలమైన వేలు మాట వినదు. బొటనవేలికి మెత్తగా ఉండటం రాదు. చిటికెన వేలికి గొంతెత్తడం రాదు. ఈ రెంటినీ తారుమారు చేయడమే ఈ పాఠం.

ఆ కాలపు పారిస్‌లో వేళ్లన్నిటినీ సమానబలం కలవిగా చేయాలని తపించేవారు. అప్పట్లో మహా పేరున్న కాల్క్‌బ్రెన్నర్ అనే ఆయన చేతిని అదుపులో ఉంచడానికి మెట్ల ముందు ఒక కడ్డీ అమర్చే పరికరం వాడేవాడు. తన దగ్గర మూడేళ్లు నేర్చుకోమని షోపాన్‌నే అడిగాడు. షోపాన్ మర్యాదగా తప్పుకున్నాడు. జర్మనీలో షూమన్ కుడిచేతి వేలు దెబ్బతిని పియానో కచేరీలకే దూరమయ్యాడు. వేళ్ల వ్యాయామానికి వాడిన సాధనమే కారణమని కొందరు, జబ్బు అని కొందరు నేటికీ వాదించుకుంటారు.

షోపాన్ ఒక బోధనగ్రంథం రాయబోయి ముగించలేదు. మిగిలిన చిత్తుకాగితాల్లో ఆయన అభిప్రాయం స్పష్టంగా ఉంది. వేళ్లు పుట్టుకతోనే వేరువేరు, సమానం చేయాలనుకోవడం ప్రకృతికి విరుద్ధం, ఏ వేలి స్వభావాన్ని బట్టి దానికో ధ్వని ఉంటుంది అని. ఉంగరపు వేలిని, నడిమి వేలిని అతుక్కుని పుట్టిన కవలలతో పోల్చాడు. వాటిని విడదీయాలని చూసేవారిని వెక్కిరించాడు. శిష్యులచేత కూడా మొదట అన్నీ తెల్లమెట్లే ఉన్న వరుస వాయింపనిచ్చేవాడు కాదు. పొడుగు వేళ్లు నల్లమెట్ల మీద, పొట్టి వేళ్లు తెల్లమెట్ల మీద ఆనేలా చేతిని పెట్టించేవాడు.

ఇక సాధన పద్ధతి. బలహీనమైన వేలిని సుత్తిలా బాదితే ప్రయోజనం లేదు, నొప్పి తప్ప. మణికట్టును వదులుగా ఉంచి చేతి బరువును చిటికెన వేలివైపు వాల్చాలి. పనిచేసేది ఆ బరువు, వేలు దానికి నిలువుకాలు మాత్రమే. మొదట పై రాగం ఒక్కటే, వాయించవలసిన ఆ మూడు వేళ్లతోనే, ఎన్నో రోజులు వాయించాలి. తరువాత కింది స్వరాలను తుంపుతూ, పై స్వరాన్ని వదలకుండా కలపాలి. చేయి అందని చోట మెట్టు లేవకుండానే ఒక వేలి స్థానంలో మరొక వేలిని మార్చాలి. మా మనుమరాలి ఎలక్ట్రానిక్ కీబోర్డు మీద తొలి నాలుగు వరుసలు నేనూ ప్రయత్నిస్తున్నాను. ఉదయం కీళ్లు పట్టేసి ఉంటాయి కనుక సాయంత్రమే కూర్చుంటాను. మెట్లకు బరువు లేని చవక కీబోర్డు మీద ఈ పాఠం అబ్బదని మాత్రం చెప్పగలను.

అందరూ నెమ్మదైన పాట అనుకునే దీని నడిమి భాగం అసలు పరీక్ష. వేగం పెరిగి రెండు చేతులూ జంట స్వరాలతో ఎగిరిపడతాయి. ఆ తుఫాను వెలిసి తొలి రాగం తిరిగి వస్తుంది.

వేగం గురించి ఒక తగాదా ఉంది. షోపాన్ మొదటి రాతప్రతిలో చురుకుగా వాయించమని రాశాడు. తరువాత మరీ చురుకు వద్దన్నాడు. అచ్చులో నెమ్మదిగా, కాని మరీ నెమ్మది కాదు అని మార్చాడు. అచ్చయిన ప్రతిలో లెక్క కూడా ఇచ్చాడు, నిమిషానికి 100 చిన్న మాత్రలు. మొత్తం 77 ఆవర్తాలు, ఒక్కొక్క దానిలో నాలుగు మాత్రలు, కలిపి 308. అకౌంట్స్ విభాగంలో పనిచేసిన చేయి కనుక భాగించి చూశాను, మూడు నిమిషాల చిల్లర. కచేరీల్లో నాలుగు నిమిషాలు దాటించేవారే ఎక్కువ. నాలుగు వరకు నాకు అభ్యంతరం లేదు. రాగం కొంత ఊపిరి కోరుతుంది. అంతకు మించి సాగదీస్తే స్వరం మధ్యలోనే చచ్చిపోయి, చిటికెన వేలు కట్టిన దారం తెగిపోతుంది. 1950లో అమెరికాలో జో స్టాఫర్డ్ ఈ వరుసకు మాటలు కట్టిన పాట పాడి పేరు తెచ్చుకుంది. గొంతుకు స్వరం సాగుతుంది కనుక ఆమెకు చెల్లింది.

ఇంకొక సంగతి. రాతప్రతి చివర, ఆగకుండా వెంటనే తరువాతి ఎట్యూడ్ అందుకోమని సూచన ఉంది. ఆ నాలుగవది నిప్పులు చెరిగే వేగం కలది. కన్నీళ్లు తుడుచుకునే వ్యవధి ఆయన ఇవ్వదలచుకోలేదన్నమాట.

ఇప్పుడు పోలీనీ 1972లో ఇచ్చిన రికార్డింగు వినిపిస్తారు. పై రాగం మీకు ఎలాగూ వినిపిస్తుంది. కింద బొటనవేలు ఎంత అణిగి ఉందో దాన్ని పట్టుకోవడానికి ప్రయత్నించండి. మూడవది అవగానే చప్పట్లు కొట్టవద్దని మనవి, నాలుగవది కూడా వెంటనే పెట్టమని చెప్పాను.